అసలు పరీక్ష అతుకు దగ్గరే

సంపాదకులకు,

ఫ్యాక్టరీలో ముందే పోతపోసిన దూలాలు, స్తంభాలతో లేచే ప్రీకాస్ట్ కట్టడాల విషయంలో వేగం, పొదుపు గురించి వినిపించినంతగా అవి కలిసే అతుకు గురించి వినిపించదు. 2012 మేలో ఇటలీలోని ఎమీలియా ప్రాంతంలో వచ్చిన భూకంపాలకు ఎన్నో ప్రీకాస్ట్ కర్మాగారాల కప్పులు కూలడానికి ముఖ్య కారణం, దూలాలను స్తంభాలకు బిగించకుండా కేవలం రాపిడి మీద ఆధారపడి ఆనించి వదిలేయడమే. నేల ఊగగానే అవి జారిపడ్డాయి. ఆ ప్రాంతానికి భూకంప ముప్పు ఉందని 2003 దాకా అధికారికంగా గుర్తించనే లేదు. ఇక్కడ భూకంపాలు రావన్న మన ధీమా కూడా అలాంటిదే. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది కదా! అతుకులో కమ్మీలు సరిగా కూర్చారో లేదో, ఖాళీల్లో పోసే సిమెంటు మిశ్రమం (గ్రౌట్) పూర్తిగా నిండిందో లేదో నిర్మాణ స్థలంలోనే స్వతంత్ర ఇంజనీరు చేత తనిఖీ చేయించడాన్ని ప్రభుత్వాలు తప్పనిసరి చేయాలి.

– ఒక సివిల్ ఇంజనీరు, వరంగల్