ఎడమ గొట్టం జోలికి పోకు

పలమనేరు

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. మొన్న ఫోన్లో నువ్వు అడిగినప్పుడు సిగ్నల్ సరిగ్గా లేదు. అయినా తుపాకీ సంగతి ముక్కలు ముక్కలుగా చెప్పేది కాదు, అందుకే రాస్తున్నాను. తాత తుపాకీలో స్లగ్ తూటాలు, అంటే చిన్న గుళ్ళకు బదులు ఒకే సీసపు ముద్ద ఉండేవి, పేల్చవచ్చా అన్నావు. కుడి గొట్టంలో, సరైన తూటా అయితే, ముందుగా గన్‌స్మిత్‌కు, అంటే తుపాకులు బాగుచేసేవాడికి, గొట్టాలు చూపించాక పేల్చవచ్చు. ఎడమ గొట్టంలో మాత్రం వద్దు. షాపువాడు ఏం చెప్పినా సరే.

కారణం చోక్, అంటే గొట్టం మూతి దగ్గరి ఇరుకు. మనది పన్నెండు బోరు. గొట్టం లోపలి వ్యాసం దాదాపు 18.5 మిల్లీమీటర్లు. మూతి దగ్గరికి వచ్చేసరికి దాన్ని కాస్త ఇరుకు చేస్తారు, చిన్న గుళ్ళు దూరం పోయినా చెదిరిపోకుండా ఉండటానికి. ఫుల్ చోక్ అంటే సుమారు 1 మిల్లీమీటరు ఇరుకు. హాఫ్ అంటే అందులో సగం, ఇంప్రూవ్డ్ సిలిండర్ అంటే పావు వంతు. తాత తుపాకీలో ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానిది, అది కాస్త వదులు. వెనక ట్రిగ్గర్ ఎడమ గొట్టానిది, అది ఫుల్ చోక్. పాత జంట గొట్టాల తుపాకులు ఎక్కువగా ఇలాగే ఉంటాయి.

చిన్న గుళ్ళు ఆ ఇరుకులో ఒకదాని పక్కకొకటి సర్దుకుని వెళ్ళిపోతాయి. స్లగ్ ఒకటే ముద్ద, 28 గ్రాముల సీసం. అది సర్దుకోవాలంటే తానే నలగాలి. అమెరికాలో కార్ల్ ఫోస్టర్ 1931లో తయారుచేసిన రకం మెత్తని సీసంతో, వెనక భాగం బోలుగా ఉంటుంది. గాజు తొడుక్కునేప్పుడు చెయ్యి ముడిచినట్టు అది చోక్‌లో ముడుచుకుని బయటికి వస్తుంది. దాని మీద ఏటవాలుగా ఉండే గీతలు తూటాను గిరగిరా తిప్పుతాయని చాలామంది అంటారు. ఆ తిప్పడం ఉన్నా లెక్కలోకి రానంత. నలిగేటప్పుడు సీసం జరగడానికి ఆ గీతల మధ్య చోటు ఉంటుంది, వాటి అసలు ఉపయోగం అదే. బరువు ముందు వైపు ఉండబట్టి స్లగ్ తిన్నగా పోతుంది. జర్మనీ వాడు బ్రెన్నెకే 1898లో తెచ్చినది ఇంకో రకం, వెనక వాడ్, అంటే మందుకూ సీసానికీ మధ్య ఉండే మెత్తని బిళ్ళ, అతుక్కుని ఉంటుంది. ఈ రెండు రకాలనూ చోక్ ఉన్న గొట్టాలను మనసులో పెట్టుకునే చేశారు. కానీ ఇరుకు పెరిగేకొద్దీ గురి చెడుతుంది, మూతి దగ్గర ఒత్తిడి పెరుగుతుంది. కొత్త ఉక్కు గొట్టం దాన్ని తట్టుకుంటుంది. మన గొట్టాల గోడ మూతి దగ్గర ఎంత పలచనో నువ్వే చూశావు కదా.

ప్లాస్టిక్ తొడుగులో వచ్చే సాబట్ స్లగ్‌లు మనకు పనికిరావు. అవి లోపల మెలి తిరిగిన గాళ్ళు చెక్కిన గొట్టాల కోసం చేసినవి. ఇంకొకటి గట్టిగా చెప్తున్నాను. మన చుట్టుపక్కల ఊళ్ళలో నాటు తుపాకుల్లో సైకిల్ బాల్ బేరింగులు వేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మాట విని చేత్తో నింపిన తూటా ఏదీ ముట్టుకోకు. ఉక్కు నలగదు. ఉక్కు నలగకపోతే గొట్టమే వాయాలి, లేదా చీలాలి.

ఇది కొత్తగా తెలిసిన సంగతేం కాదు. 1875 నుంచి 1887 దాకా ఇంగ్లండులో పరీక్ష చేసిన చోక్ గొట్టాల మీద 'నాట్ ఫర్ బాల్' అని ముద్ర కొట్టేవాళ్ళు. ఇందులో గుండు వేయొద్దు అని. ఆ రోజుల్లో గొట్టానికి సరిపడే గుండు వేస్తే అది మూతి దగ్గర ఇరుక్కునేది. తర్వాత ఆ ముద్ర తీసేసి 'చోక్' అని మాత్రమే కొట్టారు. మన దాని మీద ఉన్నది ఈ రెండో ముద్రే. గొట్టాల కింద ఉన్న చెక్క ముక్క విప్పి అడుగు చూస్తే కనిపిస్తుంది, 'నైట్రో ప్రూఫ్' అన్న మాట కూడా ఉంది. అంటే పొగలేని మందుకు పరీక్ష చేశారన్నమాట. అది లేకుండా, గొట్టం మీద చారలు చారలుగా నీటి అలల్లాంటి గీతలుంటే అది డమాస్కస్ గొట్టం, ఇనుప, ఉక్కు పట్టీలు చుట్టి అతికిన పాతకాలపుది. అలాంటిది మనదైతే ఈ ఉత్తరం ఒక్క ముక్కతో అయిపోయేది: గోడకు తగిలించు.

పక్కనే 2½ అని ఉంటుంది చూడు. అది అంగుళాల్లో చాంబర్ పొడవు, అంటే గొట్టంలో తూటా కూర్చునే చోటు. 63.5 మిల్లీమీటర్లు, డబ్బాల మీద 65 అని రాస్తారు. ఇప్పుడు షాపుల్లో దొరికే తూటాలు ఎక్కువగా 70. తమాషా ఏమిటంటే అవి మన చాంబర్‌లో చక్కగా పడతాయి, మూత కూడా పడుతుంది. పేలినప్పుడు తూటా మూతి విచ్చుకుని ముందున్న సన్నని భాగంలోకి దూరుతుంది, దారి ఇరుకై ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే డబ్బా మీద అంకె చూడకుండా కొనకు. నాకు చోక్ కన్నా ఈ చాంబర్ గొడవే ఎక్కువ టెన్షన్.

పేల్చే ముందు లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గర నాలుగు సంగతులు అడుగు. రెండు గొట్టాల లోపలి వ్యాసం, మూతి రెండూ కొలవమను. మూతి ఒక్కటే కొలిస్తే చోక్ తెలియదు, తేడా తెలియాలి. గోడ మందం చూడమను. చాంబర్ కొలవమను. మూసినప్పుడు గొట్టాలకూ వెనక పలకకూ మధ్య వెలుతురు కనిపిస్తోందా, పట్టుకుని ఊపితే కదులుతోందా చూడమను. చెన్నైలో చూపిద్దామని నీకు ఉంటే, ముందు లైసెన్సులో ఏరియా చదువుకో. మనది ఆంధ్ర వరకే. తమిళనాడులోకి తుపాకీతో అడుగుపెడితే వేరే కేసు అవుతుంది.

పేల్చేటప్పుడు ఎత్తైన మట్టి కట్ట ముందు, ఇరవై పాతిక మీటర్లలో, అనుమతి ఉన్న చోటే పేల్చు. మన పొలం పక్క గుట్టలన్నీ బండరాళ్ళు. స్లగ్ రాయికి తగిలితే ఎటు పోతుందో దేవుడికే ఎరుక, తగలకపోతే చాలా దూరంలో ఉన్న మనిషిని కూడా చంపగలదు. శబ్దం ఎప్పుడైనా 'టప్' మని నీరసంగా వస్తే రెండో తూటా పెట్టకు. లోపల ఏదో ఇరుక్కుందని అర్థం. విప్పి, గొట్టంలోంచి ఆకాశం చూడు. అసలు మొదటిసారి పెట్టేముందు కూడా చూడు, మట్టి గూళ్ళు కట్టే కందిరీగలకు తుపాకీ గొట్టమంటే చాలా ఇష్టం. ఇంటికొచ్చాక గొట్టం లోపల వెలుగు పడేలా పట్టుకో. ఎక్కడైనా ఉంగరంలా నీడ కనిపిస్తే అక్కడ వాచింది. ఇక పేల్చొద్దు.

ఇంతకీ స్లగ్‌లు ఎందుకన్నది నువ్వు చెప్పలేదు, నేనే ఊహిస్తున్నాను. మామిడి తోటలోకి పందులు వస్తున్నాయనే కదా? అడవి పందిని అటవీ శాఖ అనుమతి లేకుండా చంపితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. పంట రక్షణ లైసెన్సు అంటే చంపే లైసెన్సు కాదు. కౌండిన్య అభయారణ్యం వైపు నుంచి ఏనుగులు వస్తే మాత్రం తుపాకీ వంక కూడా చూడొద్దు, లైట్లు వేసి, ఇంట్లోకి పోయి, అటవీ శాఖ వాళ్ళకు ఫోన్ చెయ్. పందులకు సోలార్ కంచెకే డబ్బులు పెడదాం, లెక్క నేను వేసి ఉంచాను.

నాకు డెబ్బై దాటాక లైసెన్సు నీ పేరుకు మార్పించాం. ఇక బాధ్యత నీదే, అయినా అడిగావు కాబట్టి చెప్పాను. వచ్చేటప్పుడు ఆ స్లగ్ డబ్బా, లైసెన్సు పుస్తకం రెండూ తీసుకురా. డబ్బా మీద రాసింది నేను కూడా చదవాలి. ఎన్నికల నోటిఫికేషన్ వస్తే తుపాకీ స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు, ఆలోపే గన్‌స్మిత్ పని ముగించుకుందాం.

మీ అమ్మ శెనక్కాయలు పంపమంటోంది, బస్సులో వేస్తున్నాను.

నాన్న