పాలబండి కాకకు కృతజ్ఞతలు

టెట్ (టీచర్ అర్హత పరీక్ష) రాయడానికి శనివారమే హనుమకొండ చేరాను. డీఎడ్ స్నేహితురాళ్లతో వేయిస్తంభాల గుడి, ఆపై రాత్రి ఒంటిగంట దాకా కబుర్లు. పుస్తకం తెరిస్తే ఒట్టు! పొద్దున ఆటో దిగి చూస్తే, అదే పేరున్న ఇంకో కాలేజీ. గేటు మూయడానికి ఇరవై నిమిషాలే ఉంది. ఏడుపొక్కటే తక్కువ.

పాలు పోస్తున్న ఒక కాక నా హాల్‌టికెట్ చూసి, "ఎక్కు బిడ్డా, జల్ది" అన్నారు. ఖాళీ క్యాన్లు మోకాళ్లకు తగులుతుంటే సందులన్నీ తిప్పి సరిగ్గా గేటు ముందు దింపారు. డబ్బులిస్తే తీసుకోలేదు. "మంచిగ రాయి పో" అన్నారంతే.

150 ప్రశ్నలూ రాశాను. నెగెటివ్ మార్కులు లేవుగా, తెలియనివీ వదల్లేదు.

మీ పేరైనా అడగలేదు కాకా, చాలా థాంక్స్. టెన్షన్‌లో మీ క్యాన్ మూత ఒకటి నా చేతిలోనే ఉండిపోయింది.