సన్న బద్దలకు ట్రాక్ సా చాలు

సంపాదకులకు,

బెంగళూరు ఫ్లాట్లలో టేబుల్ సాకు (బల్లకే బిగించి ఉండే పెద్ద కరెంటు రంపానికి) చోటెక్కడిది? 10 మిల్లీమీటర్ల టేకు బద్దలు ట్రాక్ సాతోనే, అంటే ట్రాక్ అనే పొడవాటి పట్టీ మీద జరుపుతూ కోసే కరెంటు రంపంతోనే, తీయవచ్చు. చిక్కల్లా, చెక్క వెడల్పు ట్రాక్ కన్నా తక్కువైతే ట్రాక్ ఒరుగుతుంది, కోత ఏటవాలవుతుంది. ట్రాక్ కింద వెనకవైపు సరిగ్గా అదే మందం ముక్క ఆనించాలి.

చెక్క అంచు ఆనేలా బల్లకు రెండు అడ్డు దిమ్మలు బిగించండి, చెక్క కన్నా ఎత్తు కాకుండా. ట్రాక్ అంచు నుంచి దిమ్మలకు దూరం 10 కాదు, బ్లేడు తినే 2 కలిపి 12. ఇదే చాలామంది మరుస్తారు! చెక్కను క్లాంపుతో బిగించాక దిమ్మలు పక్కకు తిప్పేయాలి; లేకపోతే బద్ద ఇరుక్కుని రంపం వెనక్కి తంతుంది. ప్లైవుడ్‌కు వాడే ఎక్కువ పళ్ల బ్లేడుతో నిలువునా కోస్తే టేకు మాడుతుంది. 160 మిల్లీమీటర్ల వ్యాసం బ్లేడుకు 12 నుంచి 18 పళ్లు చాలు.

— కొందరు వడ్రంగులు, మైసూరు రోడ్డు, బెంగళూరు