ఎన్ని సెకన్లో, ఎన్ని మీటర్లో కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మన జిల్లా పేజీలో కాలేజీల అథ్లెటిక్స్ పోటీల వార్త చదివానండి. కాలేజీ రోజుల్లో నేనూ లాంగ్‌జంప్ చేసినవాణ్ణే, అందుకే ఇలాంటి వార్త ఎంత చిన్నదైనా వదలను. ముఖ్య అతిథి ఎవరో, జెండా ఊపింది ఎవరో, శాలువా ఎవరికి కప్పారో అన్నీ ఉన్నాయి. వంద మీటర్లలో ఫస్టొచ్చిన అమ్మాయి పేరూ ఉంది, కానీ ఎన్ని సెకన్లలో పరిగెత్తిందో లేదు. లాంగ్‌జంప్ గెలిచిన కుర్రాడు ఎంత దూకాడో లేదు. మీ విలేఖరిని తప్పు పట్టడం లేదు, ఆయన చేతికిచ్చిన కాగితంలోనే అది ఉండి ఉండదు.

కొలిచి రాసిపెడితే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. 1935 మే 25న, అంటే మనకి రోహిణి కార్తె మొదలయ్యే రోజుల్లో, అమెరికాలోని యాన్ ఆర్బర్‌లో, మిచిగన్ యూనివర్సిటీ మైదానంలో 'బిగ్ టెన్' అనే యూనివర్సిటీల కూటమి పోటీలు జరిగాయి. అవీ కాలేజీ పిల్లల పోటీలే. ఒహాయో స్టేట్ తరఫున జెస్సీ ఓవెన్స్ వచ్చాడు. పాలుకి పత్తి సేద్యం చేసుకునే కుటుంబంలో పుట్టినవాడు, స్కాలర్‌షిప్ లేదు, నల్లవాడని క్యాంపస్ హాస్టల్లో ఉండనివ్వలేదు, పనులు చేసుకుంటూ చదివాడు. పైగా కొన్ని రోజుల ముందు మెట్ల మీద పడి నడుం పట్టేసింది, కోచ్ అతన్ని దింపాలా వద్దా అని టెన్షన్ పడ్డాడు. మధ్యాహ్నం 3:15కి 100 గజాలు 9.4 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డును సమం చేశాడు. పది నిమిషాలకి లాంగ్‌జంప్, ఒక్కటే దూకు, 26 అడుగుల 8¼ అంగుళాలు, అంటే 8.13 మీటర్లు. 3:34కి 220 గజాలు 20.3 సెకన్లలో, నాలుగింటికి 220 గజాల 'లో-హర్డిల్స్', అంటే తక్కువ ఎత్తు అడ్డంకులు దాటే పరుగు, 22.6 సెకన్లలో. ముప్పావు గంటలో మూడు కొత్త ప్రపంచ రికార్డులు, ఒకటి సమం! ఆ దూకుని 1960 దాకా, అంటే 25 ఏళ్లు, ఎవరూ దాటలేకపోయారు.

ఆ పావు అంగుళం చూడండి. ఎవరో ఆ గొయ్యి పక్కన వంగి, టేపు పట్టుకుని, పావు అంగుళంతో సహా కాగితం మీద రాశారు. అందుకే తొంభై ఏళ్ల తర్వాత కోనసీమలో కూర్చుని నేను మీకు రాయగలుగుతున్నాను.

నా సంగతి చెబుతాను. ఎనభైల్లో మేము దూకే గోతిలోకి గోదారి లంక నుంచి ఇసుక ఎడ్లబండి మీద తెచ్చి మేమే పోసుకునేవాళ్లం. వానొస్తే మన నల్లమట్టి కాళ్లకి ముద్దలు కట్టేది, ముగ్గుపొడి గీతలు కొట్టుకుపోయేవి, అయినా దూకాం. ఒక ఏడాది అంతర్ కాలేజీ పోటీల్లో నాకు రెండో స్థానం వచ్చింది. టేపు తెగిపోయి ఉంది, కర్ర పెట్టి ఎవరిది ముందో ఎవరిది వెనకో చూశారు, అంతే. సర్టిఫికెట్ మీద 'ద్వితీయ' అని మాత్రం ఉంది. మా మనవరాలు ఇప్పుడు ఇంటర్ చదువుతూ లాంగ్‌జంప్ చేస్తోంది, తాతయ్య దూరం దాటాలని దానికి పట్టుదల. నేను ఎంత దూకానో నాకే తెలియదండి, పిల్లకి ఏం చెప్పను?

పెద్ద పోటీల్లోనూ ఇలాంటి నష్టం జరిగింది. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38, అదీ 2002 నాటిది. కానీ అక్కడ ఆమెకి డోప్ పరీక్ష చేయలేదని ఆ టైముని రికార్డుగా ఒప్పుకోలేదు. 2022 మేలో సైప్రస్‌లో 13.23 పరిగెత్తాక గానీ రికార్డు ఆమె పేరు మీదికి రాలేదు. పిల్ల చేయాల్సింది చేసింది, పెద్దవాళ్లు చేయాల్సింది చేయలేదు.

మన కాలేజీలకి సింథటిక్ ట్రాకులు వెంటనే రావని నాకు తెలుసు. ధాన్యం ఆరబోసుకునే రోజుల్లో గ్రౌండు ఇవ్వొద్దనీ అనను, రైతు కష్టం నాకూ తెలుసు. కానీ తెగని టేపు, రెండు మూడు స్టాప్‌వాచీలు, రాసే ఒక పుస్తకం ఎంతవుతాయి? ప్రతి కాలేజీలో ఆ పుస్తకం ఉండాలి, ఏటా అందులో రాయాలి, పీడీ మాస్టారు బదిలీ అయినా పుస్తకం అక్కడే ఉండాలి. మీరు కూడా పోటీల వార్త వచ్చినప్పుడు ఫోన్ చేసి 'టైమెంత, దూరమెంత' అని అడగండి. మీరు అడుగుతారని తెలిస్తే వాళ్లు కొలుస్తారు. అతిథుల పేర్లలో రెండు తగ్గినా ఫర్వాలేదు.

మా చుట్టుపక్కల పోటీలకి టేపు పట్టడానికి మనిషి కావాలంటే నేను వస్తాను. బస్సు చార్జీ కూడా అక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాత లాంగ్‌జంపర్,
అమలాపురం దగ్గర