ఇకపై ఒక ట్యాంకుకు ఒకే గెక్కో

మా దుకాణానికి వచ్చే వారందరికీ నమస్కారం.

ఒకే ట్యాంకులో పెంచడానికని రెండు లెపర్డ్ గెక్కోలను (ఒంటిమీద మచ్చలుండే పెంపుడు బల్లులను) అమ్మడం ఈ నెల నుంచి మానేస్తున్నాం. జంట కావాలని అడిగేవాళ్లే ఎక్కువ, కాబట్టి మా రాబడి తగ్గుతుంది. తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాం. డాలస్ చుట్టుపక్కల ఎన్నో తెలుగు కుటుంబాలు పిల్లలకు మొదటి పెంపుడు జంతువును మా దగ్గరే కొంటున్నాయి. వాళ్లకు కారణం వివరంగా చెప్పాలి.

పిల్లలు అడిగేది ఒకటే: "ఒక్కటే ఉంటే దానికి దిగులు వేయదా?" వేయదు. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతదేశాల్లోని పొడి రాతినేలల జీవి ఇది. చీకటి పడ్డాక బయటికి వచ్చి, తన వేట తానే చూసుకుంటుంది. వెచ్చగా ఒక గూడు, చల్లగా ఒక గూడు, కుబుసం విడవడానికి తేమగా ఉండే ఇంకో గూడు, వేళకు కీచురాళ్లు ఉంటే చాలు, దానికి ఏ లోటూ ఉండదు.

రెండు మగవాటి సంగతి చాలామందికి తెలుసు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. చర్మం చీలేదాకా, తోక ఊడేదాకా కొట్టుకుంటాయి. ఊడిన తోక మళ్లీ వస్తుంది కానీ పొట్టిగా, మొద్దుగా వస్తుంది. అందులో దాచుకున్న కొవ్వంతా పోతుంది. పిల్లలుగా ఉన్నప్పుడు ఆడా మగా తేల్చడం కష్టం. మగవాటికి వెనక కాళ్ల మధ్య కోణాకారంలో కనిపించే మైనపు చుక్కల వరుస కొన్ని నెలలు గడిస్తే గానీ స్పష్టంగా తెలియదు.

ఆడా మగా కలిసి ఉంటే మగది ఆడదాన్ని వదలదు. ఆడది ఒక్కో విడతకు సాధారణంగా రెండేసి గుడ్ల చొప్పున సీజనంతా పెడుతూనే ఉంటుంది. ఒంట్లో కాల్షియం హరించుకుపోతుంది, గుడ్డు లోపలే ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది.

అసలు మోసపోయేది రెండు ఆడవాటి దగ్గర. వెచ్చటి గూట్లో ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్న ఫోటోలు పంపి, ఎంత ప్రేమగా ఉన్నాయో చూడండి అంటారు. ఆ ఫోటోను కాస్త పెద్దది చేసి చూడండి. పైనున్నది కాళ్లు చాపి, వెచ్చదనమంతా తనదే అన్నట్టు ఉంటుంది. కిందిది ఓ మూలకు నొక్కుకుని ఉంటుంది, లేదా సగం శరీరం గూటి బయట ఉంటుంది. పొట్టకు దాదాపు 32 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితేనే తిన్నది అరుగుతుంది. చోటు దక్కనిది తిన్నా అరగదు, పైగా పురుగులు దానిదాకా రావు. కాట్లేమీ ఉండవు, తోక మాత్రం రోజురోజుకూ సన్నబడుతుంది. మీరు గమనించేసరికి తుంటి ఎముకలు పైకి తేలి ఉంటాయి. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

జబ్బు భయం కూడా ఉంది. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఒకదాని మలం నుంచి ఇంకోదానికి సోకుతుంది. నమ్మదగిన మందు లేదు. కొత్తగా తెచ్చిన గెక్కోను, అది మా దుకాణం నుంచి వెళ్లినదే అయినా, మూడు నెలలు వేరే గదిలో పేపర్ టవల్ మీద ఉంచండి. పాతదాన్ని ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇప్పటికే రెండింటిని కలిపి పెంచుతున్నవాళ్లు గొడవ మొదలయ్యేదాకా ఆగకండి. రెండో ట్యాంకు, హీట్ మ్యాట్, థర్మోస్టాట్ మాకు పడిన ధరకే ఇస్తాం, రసీదు కూడా అడగం. చోటు లేదంటే ఒకదాన్ని మేమే వెనక్కి తీసుకుంటాం. అప్పటిదాకా వారానికోసారి వంటింటి తూకం మీద రెండింటినీ విడివిడిగా తూచి, గ్రాములు రాసిపెట్టండి. ఒకటి పెరుగుతూ ఇంకోటి తగ్గుతుంటే ఆ రోజే విడదీయండి.

క్రెస్టెడ్ గెక్కోను తోడు పెడతామని కొందరు అడుగుతున్నారు. దయచేసి వద్దు. అది పసిఫిక్ సముద్రంలోని న్యూ కాలెడోనియా దీవుల తేమ అడవుల జీవి, లెపర్డ్ గెక్కోకు కావలసిన వేడిని తట్టుకోలేదు. దాని తోక ఊడితే మళ్లీ రాదు కూడా.

గుంపుగానే పెంచాలని ఉంటే మౌర్నింగ్ గెక్కోలు (mourning gecko) ఉన్నాయి. దాదాపు అన్నీ ఆడవే, మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి, కలిసి బతుకుతాయి. చేతిలోకి తీసుకునే రకం కావు, చటుక్కున జారిపోతాయి; చూసి ఆనందించడానికే. వచ్చే నెల నుంచి తెప్పిస్తున్నాం. కావాలనుకునేవాళ్లు మూత బిగుతుగా ఉన్న ట్యాంకు ముందే సిద్ధం చేసుకుని రండి.