ఆదివారం పొద్దున్న ఏటి ఒడ్డుకి, పిల్లలతో

పర్లాకిమిడి గ్రూప్‌లోని అన్నయ్యలకూ వదినలకూ నమస్తే.

ఈ ఆదివారం పొద్దున్న పిల్లల్ని మహేంద్రతనయ ఒడ్డుకి తీసుకెళ్తున్నాం. రెల్లు పూసింది, మంచు కూడా మొదలైంది, ఎండెక్కితే ఏమీ మిగలదు కాబట్టి 6 గంటలంటే 6 గంటలకే, లేటైతే ఆగం.

వానలు ఆగిపోయాయని మా గుంటడు వారం రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు. మొన్న ఒడ్డున సాలెగూడు మీద మంచు బొట్లు చూపిస్తే, ఒక్కోటీ వేలితో ముట్టి రాల్చి "ఇది కూడా వానేనా?" అన్నాడు. అప్పట్నుంచి వాడే నన్ను లేపుతున్నాడు (నా నిద్ర సంగతి అడక్కండి).

ఒక నోటు పుస్తకం, పెన్సిలు, స్వెట్టరు, నీళ్ళ సీసా తెండి. ఉప్మా మాది, ప్లేట్లు ఎవరివి వాళ్ళవే. చూసింది పిల్లలే బొమ్మ వేయాలి, మీరు వేసిపెట్టొద్దు. సంక్రాంతికీ, మళ్ళీ ఉగాదికీ ఇదే చోటికి వచ్చి పక్క పేజీలో వేయిద్దాం.

చలి ఎందుకొస్తుందని అడిగితే మాత్రం సూర్యుడు దూరం వెళ్ళాడని చెప్పకండి. భూమి అక్షం సుమారు 23.5 డిగ్రీలు వంగి ఉండటం వల్ల ఋతువులు మారతాయి. నిజానికి జనవరి మొదట్లో, మనం వణికేటప్పుడే, భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉంటుంది.

ఎంతమంది వస్తారో శనివారం సాయంత్రం లోపు ఇక్కడే రాయండి, రవ్వ కొలుచుకోవాలి. మర్చిపోవద్దు, ఒడ్డు ఇంకా జారుడుగానే ఉంది, ఏట్లోకి ఎవర్నీ దిగనివ్వకండి.