సర్పంచ్ సాబ్‌కు ఒక ఉత్తరం

హన్మకొండ

అరే శ్రీనూ,

గెలిచినవంటే మస్తు ఖుషీ అయింది. నువ్వు పంపిన లెక్క చూసిన. పోలైనయి 1,180. నీకు 430, రెండో ఆయనకు 390, మూడో ఆయనకు 345, నోటాకు 15. అంటే 750 మంది నీకు ఎయ్యలేదు. ఎవలకు ఎక్కువొస్తే వాళ్లే సర్పంచ్, అది మన పద్ధతి, అందుల తప్పేం లేదు. కని ‘ఊరంత నా దిక్కే’ అని మాత్రం అనకు. వార్డు మెంబర్లు అవిశ్వాసం పెట్టి ఉపసర్పంచ్‌ను దింపుతరు గని, నిన్ను దింపలేరు. గందుకే నీకు ఓటెయ్యనోళ్ల మాట ఇనే బాధ్యత నీకే ఎక్కువ.

ఇగ నువ్వడిగిన వీడీసీ, అంటే ఊరి అభివృద్ధి కమిటీ ముచ్చట. మీ మెట్‌పల్లి దిక్కు ఆ కమిటీలకు ఎంత వజనుందో నాకు తెల్సు. బొడ్రాయి పండుగ, గుడి పని, కోతులు పట్టేటోళ్లకు పైసలు, అన్నీ వాళ్లే చూస్తరు. అది మంచిదే. కని వాళ్లేసిన జుర్మానా కట్టలేదని ఆరిండ్లకు కిరాణం బంద్, ట్రాక్టర్ కిరాయి బంద్, మాట్లాడినోళ్లకు దండుగ అంటే అది ఊరి కట్టుబాటు కాదురా, నేరం. వీడీసీకి చట్టంల ఏ అధికారం లేదు. ఊరంత చేతులెత్తినా, గ్రామసభల తీర్మానం రాసినా చెల్లది. ఆ ఇండ్లు ఎస్సీ, ఎస్టీలవైతే 1989 అట్రాసిటీ చట్టం కింద, 2015 సవరణ తర్వాత, బహిష్కరిస్తమని బెదిరించుడు గుడ కేసే. నువ్వు ఆ బంద్ కాయితం మీద సంతకం పెట్టకు, ఆ మీటింగ్‌ల కూసోకు. తహశీల్దార్‌కు, ఎస్సైకి రాతపూర్వకంగా ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర ఏయించుకో. నోటితోని చెప్తే రేపు నువ్వు చెప్పలేదంటరు.

గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలె. పెద్ద తప్పు అయ్యేది ఎక్కడంటే, పొద్దుగాల పదకొండు గంటలకు పంచాతి ఆఫీసు కాడ పెడ్తరు. పత్తి ఏరే టైంల కైకిలికి పోయిన ఆడోళ్లు ఎట్ల వస్తరు? కుర్చీలల్ల పది మంది పటేండ్లు కూసుంటరు, ‘అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నరు’ అని కార్యదర్శి తర్వాత రాస్కుంటడు. నువ్వు పొద్దుగూకినంక ఆరున్నరకు పెట్టు. ఒకసారి ఊళ్ల, ఒకసారి ఎస్సీ వాడల, ఒకసారి తండాల. రెండు రోజుల ముందే డప్పు చాటింపు. వద్దన్నోళ్ల పేర్లు, ఎందుకు వద్దన్నరో మినిట్స్ బుక్కుల అక్కడనే రాయించు. మినిట్స్ ఐపోంగనే కింద అడ్డగీత కొట్టించు, జాగ ఇడిస్తే రేపు దాంట్ల ఇంకో తీర్మానం మొలుస్తది.

అన్నిటికీ చేతులెత్తిపియ్యొద్దు. సీసీ రోడ్డు ముందు ఏ గల్లీల పడాలె అన్నది ఓటుకు పెట్టు, పర్వాలే. తాగే నీళ్ల సంగతి ఓటుకు పెట్టకు. మిషన్ భగీరథ లెక్క మనిషికి రోజుకు 100 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి 500. తండాల ముప్పై ఇండ్లే ఉన్నా, ఆ లెక్క మారదు. 

మీ ఊళ్ల కొట్లాట సగం దీని మీదనే ఉంటదని నా అంచనా. ట్యాంకు కాడి ఇండ్లోళ్లు నల్లాకు మోటర్ బిగిస్తరు, చివర్ల ఉన్న తండాకు గాలే వస్తది. ఎవలకెన్ని నీళ్లొస్తున్నయో కొలిచేటందుకు 15 లీటర్ల బకీటు, సెల్‌ఫోన్ల టైం, అంతే కావాలె. ట్యాంకు పక్క నల్లా కాడ బకీటు అర నిమిషంల నిండి, తండాల నాలుగు నిమిషాలు పడితే పంపకం చెడ్డట్టే. ముందుగాల మోటర్లు పీకిపియ్యి. తర్వాత ఊరి దిక్కు గేట్ వాల్వు బంద్ పెట్టి, పొద్దుగాల మొదటి గంట తండాకే ఇడువు. అప్పటికీ రాకుంటే పైపు సన్నగుండాలె, లేకుంటే నడుమ లీకేజీ ఉండాలె. కేంద్రం నుంచి వచ్చిన 15వ ఆర్థిక సంఘం పైసలల్ల నూటికి 60 నీళ్లకు, పారిశుద్ధ్యానికే కట్టేసినయి. ఆ మరమ్మతుకు దాంట్ల పాత బ్యాలెన్స్ ఎంతుందో కార్యదర్శిని అడుగు.

నీకు ఓట్లేసినోళ్లు ‘వాళ్లకు ముందిచ్చినవ్’ అని వస్తరు, ఖాయం. బకీటు లెక్క పంచాతి గోడ మీద రాయించి పెట్టు, వచ్చినోళ్లకు అది చూపెట్టు.

ఈ ఆదివారం కొలిచి ఫోన్ చెయ్యి. తండా లైన్ ఎన్ని ఇంచుల పైపో, ట్యాంకు నుంచి ఎన్ని మీటర్లో గుడ రాసి పెట్టుకో. వదినను అడిగిన్నని చెప్పు.

నీ
రమేశ్